గుంజాల గోండి లిపి – గీసిన చేయి, నడిపిన చేయి

కంప్యూటరు తెరపై ఒక అక్షరము కనబడవలెనన్న ఇద్దరు పనివారు కావలెను. ఒకరు అక్షరపు ఆకారమును గీయుదురు, వీరు డిజైనర్లు. మరియొకరు ఆ ఆకారము ఎప్పుడు, ఎక్కడ, దేని ప్రక్కన నిలువవలెనో యంత్రమునకు ఆదేశములు వ్రాయుదురు, వీరు డెవలపర్లు. సాఫ్ట్‌వేరు తయారగు ప్రతి చోటను ఈ ఇరువురి పొత్తు అవసరమే. అది కుదిరినచో కలుగు మేలును, కుదరనిచో కలుగు కీడును తెలిసికొనుటకు ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామపు గోండి లిపి చక్కని ఉదాహరణము.

గుంజాలలో లభించిన సుమారు పన్నెండు వ్రాతప్రతులను హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందము వెలుగులోనికి తెచ్చినది. 2014లో ఈ లిపికి తొలి ఫాంటు వెలువడినది. 2018 జూన్‌లో యూనికోడు 11వ కూర్పు దీనికి స్థానమిచ్చినది. యూనికోడనగా ప్రపంచ లిపులలోని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను కేటాయించు ఉమ్మడి పట్టిక. అన్షుమన్ పాండే సమర్పించిన ప్రతిపాదనపై ఈ లిపికి 63 సంఖ్యలు లభించినవి.

మొదట మెచ్చదగిన విషయమును చూతము. ఈ లిపిలో హల్లుల వరుస క, ఖ, గ లతో మొదలుకాదు. య, వ, బ, భ, మ, క అని సాగును. మన కలవాటైన వరుసలోనికి దీనిని మార్చివేయుట యంత్రమునకు కష్టమేమియు కాదు. అట్లు చేయక, పట్టికలో ఆ వరుసనే నిలిపిరి. లిపి నెరిగినవారి సంప్రదాయమును సంఖ్యలు నిర్ణయించువారు మన్నించిరన్న మాట.

ఇక లోపమును గూర్చి. ఈ లిపికి ఆకారము ముందు వచ్చినది, సంఖ్య నాలుగేండ్ల తరువాత వచ్చినది. ఉమ్మడి సంఖ్య లేని కాలములో తయారైన ఏ ఫాంటైనను వేరొక లిపి సంఖ్యలనో, తనకు తాను పెట్టుకొన్న సంఖ్యలనో వాడుకొనక తప్పదు. దీని ఫలితము ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. అను ఫాంటులతో టైపు చేసిన ప్రశ్నపత్రమును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని గుర్తులు కనబడును. అక్షరము అందముగా నున్నను అది ఒక్క యంత్రమునకే బందీ యగును.

సంఖ్య లభించినంత మాత్రమున పని ముగియదు. తెలుగులో 'స్త్రీ' అను ఒక్క అక్షరము వెనుక స, విరామము, త, విరామము, ర, గుడిదీర్ఘము అను ఆరు సంఖ్యలున్నవి. ఆరింటిని ఒక్క రూపముగా కూర్చుట ప్రోగ్రాము పని. ఆ రూపము ఎట్లుండవలెనో చెప్పుట డిజైనరు పని. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా'లోని సంఖ్యల నడుమ, కంటికి కనబడని మరొక సంఖ్య చేరిన ఒకానొక కూర్పు ఐఫోనులలోని యాప్‌లను స్తంభింపజేసినది. అది అక్షరమును గీసినవారి తప్పు కాదు. అక్షరములను అమర్చు ప్రోగ్రాములోని దోషము. ఆ నెలలోనే దానిని సవరించిరి. కోట్లమంది వ్రాయు తెలుగుకే ఇట్టి ప్రమాదము కలిగినప్పుడు, కొలదిమంది వ్రాయు గోండి లిపిలోని దోషమును పట్టుకొనువారెవరు? దానిని వాడువారితో కలసి పరీక్షించుటయే మార్గము.

నేడు ఈ లిపికి గూగులు వారి 'నోటో సాన్స్ గుంజాల గోండి' ఫాంటు కలదు. అక్షరమునకు బదులు ఖాళీ గడులు కనబడరాదనియు, అన్ని లిపులును ప్రక్కప్రక్కన పొందికగా నుండవలెననియు నోటో ఫాంటుల ఆశయము. ఫోను తెరకు ఈ కొలత తగినదే. కాని పిల్లవాని వాచకమునకు ఇది యొక్కటే చాలదు. నల్లబల్లపై పంతులుగారు వ్రాసిన అక్షరమును పుస్తకములోని అక్షరమును ఒకదానికొకటి పోలనిచో, ఏది సరియైనదో తెలియక బాలుడు తికమకపడును. కావున ఆకారము మంచి చెడ్డలను నిర్ణయించుటలో చేవ్రాతకు కూడ సాక్ష్యమిచ్చు హక్కున్నది.

డిజైనరు గీసి అప్పగించుట, డెవలపరు తీసికొని బిగించుట – ఇది వరుస పనియే గాని పొత్తు కాదు. ఇరువురును ఒక్క బల్ల వద్ద కూర్చుండి, వ్రాయువారిని మూడవవారిగా పిలిచినపుడే అది పొత్తగును. హల్లుల వరుస విషయములో సంప్రదాయమునకు దక్కిన మన్నన, అక్షరరూపము విషయములోను దక్కవలెను.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఫోనులో 'స్త్రీ' అని టైపు చేసి, తుడుచు మీటను ఒక్కొక్కసారి నొక్కుచు పోవలెను. అనేక ఫోనులలో మొదట గుడిదీర్ఘము, పిదప రకారము, అటుపిమ్మట మిగిలినవి వరుసగా తొలగుటను గమనింపవచ్చును. కంటికి ఒకటిగా తోచునది యంత్రమునకు ఆరని అప్పుడు బోధపడును. ఆ ఆరింటిని ఒకటిగా నిలుపుటలో ఎందరి చేతులు కలసినవో ఉపాధ్యాయులు తరగతిలో వివరింపవచ్చును.