వలిసె గింజలకు వచ్చే పసుపు పిట్ట

అమెరికాలో మోరిస్‌విల్ చుట్టుపక్కల పిట్టల మేత అమ్మే దుకాణంలోకి వెళితే అరల నిండా మన మెట్ట పంటలే. పొద్దుతిరుగుడు, కుసుమలు, వరిగెలు, ఎర్ర జొన్నలు, పల్లీలు, వాటి పక్కన సన్నగా, నల్లగా మెరిసే వలిసెలు. రాయలసీమ చేలల్లోనూ అరకు కొండల మీదా పండే గింజలు ఇక్కడ సంచులకెత్తి అమ్ముతున్నది మనుషుల కోసం కాదు, పెరట్లోకి వచ్చే అడవి పిట్టల కోసం. జొన్న కంకి పాలు పోసుకునే వేళ మంచె ఎక్కి, వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. మనకిది మొదట్లో వింతగానే తోస్తుంది. కానీ ఆ రైతే కోతలయ్యాక నిండు వరి కంకులు ఏరి, కాడలు మెలేసి అల్లి, కుచ్చులు కట్టి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేవాడు. గోదావరి జిల్లాల్లో ఇళ్ళ వసారాల్లోనూ గుడి మండపాల్లోనూ ఆ కుచ్చులు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ వరి కుచ్చు చేసే పనే అమెరికాలో పెద్ద సంప్రదాయంగా ఎదిగింది. దానికి నియమాలున్నాయి, లెక్కలున్నాయి, శాస్త్రం ఉంది. మన ఇళ్ళలో దాన్ని చేపట్టేవాళ్ళు గింజ వెయ్యడంతో ఆగకుండా ఆ తర్వాతి బాధ్యత కూడా తీసుకోవాలన్నది నా కోరిక.

మోరిస్‌విల్ నార్త్ కరొలినాలో, రాలీకీ డర్హమ్‌కీ మధ్య ఉన్న చిన్న ఊరు. రీసెర్చ్ ట్రయాంగిల్ ఉద్యోగాలు మనవాళ్ళను ఇక్కడికి రప్పించాయి. ఊళ్ళో హిందూ భవన్ ఉంది, పక్కనే కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ ఆడిన చర్చ్ స్ట్రీట్ పార్క్ మైదానం ఉంది. ఇవన్నీ మనకు తెలుసు. తెలియనిది, ఇళ్ళ వెనక మిగిల్చిన ఆ కాస్త చెట్ల వరసలో ఎవరున్నారన్నది. లేక్ క్రాబ్‌ట్రీ, అంస్టెడ్ పార్కు అడవి దగ్గరలోనే ఉన్నాయి. పైన్, ఓక్ చెట్ల పట్టీలు అక్కడి నుంచి ఇళ్ళ మధ్యదాకా సాగి వస్తాయి. అందుకే టౌన్‌హౌస్ వెనక గుప్పెడంత జాగాలో మేత పెట్టే ఫీడర్ కట్టినా పిట్టలు కనిపెట్టి వస్తాయి.

మేత వేసి చూడడం అమెరికాలో పాత అలవాటే. హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ చెరువు ఒడ్డున ఉన్న చలికాలంలో గుమ్మం ముందు మంచు మీద మొక్కజొన్న పొత్తులు చల్లి, వాటికోసం వచ్చే ఉడుతలనూ జే, చికడీ పిట్టలనూ కుందేళ్ళనూ గమనించి, 1854లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. అయితే ఏ గింజకు ఏ పిట్ట వస్తుందన్నది చాలాకాలం ఎవరి ఊహ వారిదే. ఆ సంగతి తేల్చినవాడు అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి విభాగంలో పనిచేసిన ఏల్రెడ్ గైస్. 1980లో వచ్చిన ఆయన అధ్యయనంలో నల్ల పొద్దుతిరుగుడు గింజలు, తెల్ల వరిగెలు పిట్టలకు అన్నిటికన్నా ఇష్టమని తేలింది. చవక మిశ్రమాల్లో బరువు కోసం కలిపే ఎర్ర జొన్నల్ని ఈ తూర్పు రాష్ట్రాల పిట్టలు చాలావరకు ముక్కుతో పక్కకు తోసేస్తాయి. అవి కింద పడి, తడిసి, బూజు పట్టి, ఎలుకలకు దారి చూపిస్తాయి. అందుకని మొదటిసారి మేత కొనేవాళ్ళకు నా సలహా ఒకటే: కలగలుపు సంచి వద్దు, నల్ల పొద్దుతిరుగుడు ఒక్కటే కొనండి. దాని పొట్టు పలచన, లోపల నూనె ఎక్కువ, చిన్న ముక్కు పిట్ట కూడా చీల్చుకోగలదు. ఉడుతల బెడద ఎక్కువైతే కుసుమలకు మారండి. వాటి చేదు ఉడుతలకు అంతగా నచ్చదు, ఎర్రని కార్డినల్‌కు మాత్రం ప్రీతి.

ఇక వలిసెలు. ఏటా చలికాలం మొదట్లో అరకులోయను పసుపుమయం చేసే ఆ పంటను అమెరికాలో గోల్డ్‌ఫించ్ అనే పిట్ట కోసం కొంటారు. ఈ మేత ప్రధానంగా ఇథియోపియా, భారత్, మయన్మార్ దేశాల నుంచి దిగుమతి అవుతుంది. వలిసెలతో కలిసి బంగారు తీగలాంటి కలుపు విత్తనాలు వచ్చి ఇక్కడ మొలుస్తాయన్న భయంతో, గింజల్ని బాగా వేడిచేసి మొలక శక్తి పోగొట్టాకే దేశంలోకి రానిస్తారు. అంత సన్నగింజ మామూలు ఫీడర్లో నిలవదు. సన్నటి చీలికలున్న గొట్టమో, మెత్తటి వల సంచో కావాలి. గోల్డ్‌ఫించ్ దాన్ని పట్టుకు వేలాడుతూ, అవసరమైతే తలకిందులుగానైనా తింటుంది. దీనికి గింజలే ప్రాణం, పురుగుల్ని దాదాపు ముట్టదు. పిల్లలకు పెట్టేది కూడా గింజలే. అందుకే మిగతా పిట్టలు చాలావరకు వసంతంలో గూళ్ళు కడితే ఇది ముళ్ళమొక్కల గింజలు పండేదాకా ఆగి, నడివేసవిలో కడుతుంది. చలికాలమంతా మట్టి కలిసిన ఆకుపచ్చగా ఉండే మగపిట్ట వసంతంలో ఈకలు మార్చుకుని వలిసె పూల రంగుకు తిరుగుతుంది. ఆ మార్పు వారం వారం మచ్చమచ్చలుగా జరుగుతుంటే చూడడం ఫీడర్ పెట్టినవాళ్ళకు దక్కే గొప్ప భాగ్యం. వలిసెలు ఎండిపోయి నూనె తగ్గితే పిట్ట ముట్టదు కాబట్టి తక్కువగా కొని, త్వరగా ఖర్చు చెయ్యాలి.

వడ్రంగి పిట్టలకోసం ఇక్కడివాళ్ళు సూయెట్ అనే అచ్చులు వేలాడదీస్తారు. అది పశువుల కొవ్వు. మన ఇళ్ళలో చాలామంది దాన్ని తాకడానికి ఇష్టపడరు, తాకనవసరం కూడా లేదు. ఉప్పు వెయ్యని పల్లీలు తీగల ఫీడర్లో నింపితే డౌనీ, ఎర్ర తల రెడ్‌బెల్లీడ్ వడ్రంగి పిట్టలు రెండూ వస్తాయి. వండిన అన్నం, మిగిలిన పులిహోర, ఉప్పూ నూనే తగిలినవేవీ పెట్టకూడదు. హమ్మింగ్‌బర్డ్‌కు పెట్టే నీళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నాలుగు పాళ్ళ నీళ్ళకు ఒక పాలు తెల్ల చక్కెర, అంతే. బెల్లం వద్దు, తేనె వద్దు, ఎర్ర రంగు అసలే వద్దు. బెల్లంలో ఉండే ఇనుము ఆ చిన్న ఒంటికి హాని, తేనె నీళ్ళు త్వరగా బూజు పడతాయి. కరొలినా ఎండల్లో ఈ నీళ్ళను రెండు మూడు రోజులకోసారి పారబోసి కొత్తవి పొయ్యాలి. ఏప్రిల్‌లో వచ్చే ఆ పిట్ట బరువు మూడు గ్రాములు. వాటిలో చాలా పిట్టలు మెక్సికో సింధుశాఖ మీదుగా ఎనిమిది వందల కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరి వస్తాయి.

ఫీడర్ ఎక్కడ కట్టాలన్నది ఏ గింజ వెయ్యాలన్న దానికన్నా ముఖ్యం. అమెరికాలో కిటికీ అద్దాలకు కొట్టుకుని చచ్చే పిట్టలు ఏటా కోట్లలో ఉంటాయి. అద్దంలో చెట్టు నీడ కనిపిస్తే పిట్ట దాన్ని చెట్టే అనుకుంటుంది. కాబట్టి ఫీడర్ అద్దానికి మూడడుగుల లోపైనా ఉండాలి, ముప్పై అడుగుల అవతలైనా ఉండాలి. దగ్గరగా ఉంటే ఉలిక్కిపడి లేచినా దెబ్బ తగిలేంత వేగం రాదు. మధ్య దూరమే ప్రాణాంతకం. అద్దం బయటివైపు రెండంగుళాల ఎడంతో చుక్కలు అతికించడం ఇంకా మంచిది. ముగ్గు వేసే చేతులకు అదేమంత పని! ఉడుత సంగతికొస్తే, ఇక్కడి బూడిదరంగు ఉడుత మన చారల ఉడుతకన్నా బాగా పెద్దది. నేల నుంచి అయిదడుగులు ఎగురుతుంది, చెట్టు నుంచి ఏడడుగులు పక్కకు దూకుతుంది, పైనుంచి తొమ్మిదడుగులు కిందికి దూకుతుంది. ఆ మూడు కొలతలూ దాటించి ఇనుప స్తంభం పాతి, మధ్యలో గరాటు ఆకారపు అడ్డు బిగిస్తే సరి.

శుభ్రత దగ్గరే చాలామంది వెనకబడతారు. మేత ఒకచోట పెడితే పిట్టలు ఒకచోట గుమికూడతాయి, గుమికూడితే జబ్బు పాకుతుంది. 1940లో న్యూయార్క్‌లో పంజరాల నుంచి వదిలేసిన హౌస్ ఫించ్ అనే పిట్టలు తూర్పు తీరమంతా వ్యాపించాయి. 1994లో వాషింగ్టన్ పరిసరాల్లో వాటి కళ్ళు వాచి మూసుకుపోతున్నాయని మొదట గమనించింది పెరటి ఫీడర్ల దగ్గర చూస్తున్న మామూలు మనుషులే. కోళ్ళకు వచ్చే సూక్ష్మజీవి ఒకటి వాటికి పాకిందని తర్వాత తేలింది. 2021 మొదట్లో పైన్ సిస్కిన్ అనే చిన్న పిట్టలకు సాల్మనెల్లా సోకినప్పుడు పలు రాష్ట్రాలు ఫీడర్లు దించెయ్యమన్నాయి. అందుకని రెండు వారాలకోసారి తొమ్మిది పాళ్ళ నీళ్ళలో ఒక పాలు బ్లీచ్ కలిపి ఫీడర్ కడిగి, పూర్తిగా ఆరాకే నింపాలి. కింద పడ్డ పొట్టు ఊడ్చాలి. కళ్ళు వాచిన పిట్టో, ఒళ్ళు ఉబ్బి కదలని పిట్టో కనిపిస్తే ఫీడర్ వెంటనే దించాలి. ఇదంతా చెయ్యలేనివాళ్ళు ఫీడర్ కట్టకపోవడమే పిట్టలకు మేలు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

మన మేత లేకపోతే పిట్టలు చచ్చిపోతాయనుకోవడం పొరపాటు. విస్కాన్సిన్‌లో మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ చికడీల మీద చేసిన పరిశోధనలో, ఫీడర్ అందుబాటులో ఉన్నా వాటి ఆహారంలో ఐదో వంతు మాత్రమే అక్కడి నుంచి వచ్చింది, మిగతాది అవి చెట్ల మీదే వెతుక్కున్నాయి. గడ్డకట్టే చలి రోజుల్లో మాత్రం ఆ ఐదో వంతే ప్రాణం నిలిపింది. అలాంటి రోజుల్లో తప్ప, ఊరెళ్ళినప్పుడు ఫీడర్ ఖాళీ అయిందని బెంగ అక్కర్లేదు.

అయితే ఇంతా చేసి చూసేదేమిటి? మోరిస్‌విల్‌లో ఉండేది కరొలినా చికడీ. నల్ల టోపీ, నల్ల గొంతు. ఒక్క గింజ ముక్కున కరుచుకుని కొమ్మ మీదికెళ్ళి, కాళ్ళ మధ్య ఇరికించి, పొడిచి తింటుంది, లేదా బెరడు సందులో దాచుకుంటుంది. దాని దగ్గరి బంధువు నల్లటోపీ చికడీ అరుపుల మీద 2005లో వచ్చిన పరిశోధన ఒక ఆశ్చర్యం బయటపెట్టింది. అపాయం పెద్దదైనకొద్దీ అరుపు చివర ‘డీ’ల సంఖ్య పెరుగుతుంది. పెద్ద గుడ్లగూబకన్నా, చిన్న పిట్టల్ని వేటాడే చిన్న గుడ్లగూబకే ఎక్కువ ‘డీ’లు. 1943 నుంచి నార్త్ కరొలినా రాష్ట్ర పక్షిగా ఉన్న కార్డినల్ తెల్లవారకముందే వస్తుంది, సందె మసకలో అన్నిటికన్నా చివర వెళ్తుంది. వసంతంలో మగపిట్ట గింజ వలిచి ఆడపిట్ట ముక్కులో పెడుతుంది. అక్టోబరులో ఉత్తరాది నుంచి తెల్లగొంతు పిచ్చుకలు వచ్చి, నేల మీద రెండు కాళ్ళతో ఆకుల్ని వెనక్కి గీరుతూ ఏరుకుంటాయి. వీటిలో కొన్నిటికి నెత్తిన తెల్ల చారలు, కొన్నిటికి గోధుమ చారలు. తెల్ల చారల పిట్ట దాదాపు ఎప్పుడూ గోధుమ చారల పిట్టతోనే జతకడుతుంది.

మన ఊరి పిచ్చుక కూడా ఈ ఫీడర్ మీద వాలుతుంది. దాన్ని చూడగానే గుండె కరిగినా, ఇక్కడ దాని కథ వేరు. 1850 దశకం మొదట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలిన పిచ్చుకలు దేశమంతా నిండి, చెట్టు తొర్రల్లో గూడు కట్టే నీలిరంగు బ్లూబర్డ్‌ల గూళ్ళు ఆక్రమించాయి. బ్లూబర్డ్‌లు నిలదొక్కుకున్నది మనుషులు కట్టిన చెక్కపెట్టెల వల్ల. ఈ రాష్ట్రంలోనే బెయిలీ అనే ఊళ్ళో జాక్ ఫించ్ అనే రైతు అలాంటి పెట్టెలు వేల సంఖ్యలో తయారుచేయించాడు. ఒకటిన్నర అంగుళం రంధ్రంలోకి పెద్ద స్టార్లింగ్ పిట్ట దూరలేదు కానీ పిచ్చుక దూరుతుంది, కాబట్టి పెట్టె కడితే దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఊళ్ళో పిచ్చుకకు కుచ్చు కట్టడం, ఇక్కడ బ్లూబర్డ్‌కు కాపు కాయడం రెండూ సరైన పనులే.

గింజ ఉన్నచోటికి పిట్టలే రావు. పగలు చిప్‌మంక్ బుగ్గలు నింపుకుపోతుంది, చీకటిపడ్డాక రకూన్, పోసమ్ వస్తాయి, ఒక్కోసారి జింక. ఎలుగులు తిరుగుతున్నాయని విన్న వసంతంలో ఫీడర్ దించెయ్యాలి. కూపర్స్ హాక్ అనే డేగ గువ్వను తన్నుకుపోతే పిల్లలు ఏడుస్తారు. డేగకూ పిల్లలుంటాయని అప్పుడే చెప్పాలి. ఫీడర్ ఒకటి రెండు వారాలు దించితే డేగ వేరేచోటికి పోతుంది. ఇంకొకటి: 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం ఇక్కడి అడవి పిట్ట ఈకగానీ గూడుగానీ ఇంట్లో దాచుకోవడం కూడా నేరమే.

1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పిట్టలు తగ్గిపోయాయని 2019లో సైన్స్ పత్రిక ప్రచురించింది. గింజలు ఎన్ని వేసినా ఆ లోటు పూడదు. ఎందుకంటే చికడీ తన పిల్లలకు పెట్టేది గింజలు కాదు, గొంగళిపురుగులు. ఒక్క గూటి పిల్లలకే వేలల్లో కావాలి. ఆ పురుగులు ఓక్ మీద ఉంటాయి. మన కాలనీల్లో వరసగా నాటిన బ్రాడ్‌ఫర్డ్ పేర్ చెట్టు మీద దాదాపు ఉండవు. దాన్ని కొట్టేస్తే బదులుగా ఈ నేల చెట్టు ఉచితంగా ఇచ్చే కార్యక్రమం నార్త్ కరొలినాలో ఉంది. పెరట్లో జాగా ఉన్నవాళ్ళు అది వాడుకోవాలి, లేనివాళ్ళు ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) సమావేశంలో ఆ మాట ఎత్తాలి.

పిట్టల్ని లెక్క పెట్టడం మాత్రం అందరూ చెయ్యగల పని. 1976లో కెనడాలోని ఒంటారియోలో మొదలై, 1987లో కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రంతో కలిసి ఖండమంతా పాకిన ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా నడుస్తుంది. వరసగా రెండు రోజులు చూసి, ప్రతి జాతికీ ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్య రాయాలి. పొద్దుటి నుంచి వచ్చినవన్నీ కూడితే ఒకే చికడీని ఇరవైసార్లు రాసినట్టవుతుంది. చిన్న రుసుము కట్టడానికి వెనకాడేవాళ్ళకు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంది. 1998లో అమెరికాలో మొదలైన ఆ లెక్కింపు 2013 నుంచి ప్రపంచమంతా జరుగుతోంది, భారత్‌తో సహా. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఖర్చు లేదు, కనీసం పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు. ఈసారి మోరిస్‌విల్ పెరట్లో మీ పిల్లలతో రాయించండి, అదే రోజుల్లో ఊళ్ళో అమ్మమ్మ, తాతయ్యలతో వాళ్ళ వసారాలోంచీ రాయించండి.