దారి తీసినవాడికే తొలి కూలి

దాచేపల్లిలో కబడ్డీ ఎరిగినవాళ్లు ఆటను రెండు రకాలుగా చూస్తారు. కుర్రకారు చూపు కూతకు వెళ్లినవాడి మీద ఉంటుంది. ఆడి మానేసిన పెద్దలు మాత్రం మూలన కాచుకున్న పట్టుగాడి పాదాలను గమనిస్తారు. పజ్ హెఫెల్‌ఫింగర్ ఘనత తెలియాలంటే ఆ పెద్దల కన్ను కావాలి.

1867లో మినియాపొలిస్‌లో పుట్టిన, పజ్ అని పిలిచే విలియం హెఫెల్‌ఫింగర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో గార్డ్. అంటే ముందు వరసలో, బంతి అందించేవాడి పక్కనే నిలబడేవాడు. బంతి అతని చేతికి రావడమే అరుదు. 1888 నుంచి 1891 దాకా యేల్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 1888లో ఆ జట్టు 13 మ్యాచ్‌లలో 690కి పైగా పాయింట్లు చేసి, ఎదుటివాళ్లకు ఒక్కటీ ఇవ్వలేదు. ఏటా మేటి కళాశాల ఆటగాళ్లను ఎంచే, 1889లో మొదలైన ఆల్ అమెరికా జట్టులో అతను వరసగా మూడేళ్లు ఉన్నాడు.

ఆ రోజుల్లో గార్డ్ పనల్లా నిలబడ్డ చోటే ఎదుటివాణ్ని నెట్టడం. ఆరడుగుల మూడంగుళాల మనిషికి అది చాలదనిపించింది. బంతి కదలగానే వరసలోంచి వెనక్కి తప్పుకుని, పక్కకు పరుగెత్తి, బంతి పట్టినవాడికి ముందు చేరి, అడ్డొచ్చినవాణ్ని పడగొట్టేవాడు. మాటల్లో సులువుగానే ఉంటుంది. ఒక్క క్షణం ముందు కదిలితే పన్నాగం బయటపడుతుంది, ఆలస్యమైతే వెనక వస్తున్న తనవాడే తనకు తగులుకుంటాడు. బలం, వేగం, సమయం మూడూ ఆ తొలి అడుగులో కలవాలి. నేటికీ గార్డులు నేర్చుకునే విద్య అది.

1892 నవంబర్ 12న పిట్స్‌బర్గ్‌లో అలెఘెనీ అథ్లెటిక్ అసోసియేషన్ తరఫున బరిలో దిగాడు. ప్రత్యర్థి చేతిలోని బంతిని జారిపోయేలా గుద్ది, దాన్ని తానే అందుకుని పరుగెత్తి, ఎదుటివాళ్ల గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. అప్పట్లో దానికి 4 పాయింట్లు. ఆట 4-0తో ముగిసింది. క్లబ్బు ఖర్చుల పద్దులో అతనికి ఆడినందుకు 500 డాలర్లు నగదుగా ఇచ్చినట్టు రాసి ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డబ్బు తీసుకుని ఆడినట్టు లిఖిత ఆధారం దొరికిన తొలి ఆటగాడు అతనే. వృత్తి ఫుట్‌బాల్ తొలి కూలి బంతి మోసేవాడికి కాకుండా దారి తీసేవాడికి ముట్టడం నాకు న్యాయంగా తోస్తుంది.

ఆ తర్వాత కాలిఫోర్నియా, లీహై, మిన్నెసోటా జట్లకు శిక్షణ ఇచ్చాడు. 1933లో, 65 ఏళ్ల వయసులో, ఒక ప్రదర్శన మ్యాచ్‌లో మళ్లీ వరసలో నిలబడ్డాడు. 1954లో కన్నుమూశాడు.

2012లో మొదలైన మన దేశపు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ స్కైకింగ్స్ జట్టు కూడా ఉండేది కాబట్టి ఈ ఆట మనకు మరీ పరాయిది కాదు. ఎక్కడైనా చూడటం తటస్థిస్తే బంతిని కాసేపు వదిలేసి గార్డ్ కాళ్లు చూడండి. అతను ఏ పక్కకు కదిలితే ఆట చాలాసార్లు ఆ పక్కకే వెళుతుంది.