నొప్పికి కొలత గాయమేనా?

గ్రంథ విమర్శ: మెల్జాక్, వాల్ రచించిన "ది ఛాలెంజ్ ఆఫ్ పెయిన్"

కాలిలో ముల్లు గుచ్చుకున్నది, నొప్పి పుట్టింది. ముల్లు తీశాము, నొప్పి పోయింది. నొప్పిని గురించి మనలో చాలామందికి తెలిసిన శాస్త్రం ఇంతే. కాని ముల్లు తీసి, పుండు మాని, ఏండ్లు గడిచినా నొప్పి పోకపోతే ఏమనాలి? మొదట "ఇంకా ఏదో ముల్లు మిగిలి ఉన్నది" అంటాము. వెతికి చూచి ఏమీ కనబడకపోతే "అంతా నీ మనసులోనే ఉన్నది" అంటాము. ఈ రెండు మాటల నడుమ నలిగిపోయే మనుషులు ఎందరో ఉన్నారు. వారిలో నేనొకడిని. తొమ్మిదేండ్ల క్రితం నడుములో జారిన బిళ్ళకు శస్త్రచికిత్స జరిగింది. నాడిమీద ఒత్తిడి తొలగింది. ఎడమ పిక్కలోని మంట మాత్రం ఒక్కరోజు కూడ విడువలేదు. కనుక ఈ పుస్తకాన్ని జంతుశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా ఒకసారి, రోగిగా మరొకసారి చదివాను. రెండు పఠనాలకు తీర్పు ఒక్కటిగా రాలేదు.

రోనాల్డ్ మెల్జాక్ కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. పాట్రిక్ వాల్ ఆంగ్లేయుడు, నాడీమండలాన్ని పరిశోధించినవాడు. వీరి గ్రంథం 1982లో వెలువడింది. 1988లో సవరించిన కూర్పు వచ్చింది. ఇంత పాత పుస్తకాన్ని ఇప్పుడు విమర్శించడం ఎందుకని పాఠకులు అడుగవచ్చు. నొప్పిని గురించి నేటి వైద్యశాస్త్రం మాట్లాడే తీరుకు చాలవరకు ఇదే పునాది. పునాదిలో గట్టిరాయి ఏదో, గుల్లరాయి ఏదో చూచుకొనడం ఎప్పుడూ అవసరమే.

గ్రంథకర్తలు కూలద్రోసినది ఒక పాత బొమ్మను. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్ట్ మరణానంతరం, 1664లో అచ్చయిన గ్రంథంలో, నిప్పు ప్రక్కన కాలు పెట్టిన మనిషి బొమ్మ ఒకటి ఉన్నది. నిప్పుసెగ కాలినుండి మెదడుకు పోయే దారాన్ని లాగుతుంది. త్రాడు లాగితే గుడిగంట మ్రోగినట్లు పైన నొప్పి పుడుతుంది. లాగినంత బలంగా మ్రోత. గాయమెంతో నొప్పి అంత. ఇది పాతబడిన మాట అనుకోవద్దు. నేనే ఏటేటా నల్లబల్లమీద దాదాపు ఇదే బొమ్మ గీశాను. దారానికి బదులు నాడి అని వ్రాశాను, అంతే తేడా.

ఈ బొమ్మ తప్పని చూపడానికి గ్రంథకర్తలు చెప్పిన ఉదాహరణలు బలమైనవి. రెండవ ప్రపంచయుద్ధంలో, ఇటలీలోని ఆంజియో రణరంగంలో, బీచర్ అనే అమెరికన్ వైద్యుడు తీవ్రంగా గాయపడిన సైనికులను పరిశీలించాడు. మార్ఫీను కావాలన్నవారు ముగ్గురిలో ఒక్కరే. తరువాత స్వదేశంలో, శస్త్రచికిత్స చేయించుకున్న పౌరులలో అయిదుగురికి నలుగురు ఆ మందు అడిగారు. సైనికునికి గాయమంటే ప్రాణంతో ఇల్లు చేరడం. పౌరునికి గాయమంటే ఆపద. మరొకవైపు, తెగిపోయిన కాలు, అనగా లేని కాలు, ఏండ్ల తరబడి నొప్పి పెట్టడం ఉన్నది. లేని కాలినుండి ఏ దారం లాగుతుంది?

దీనికి సమాధానంగా మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించినదే "ద్వార సిద్ధాంతం". శరీరంనుండి వచ్చే సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారం గుండా పోవాలి. సన్నని తంతువులు నొప్పి వార్తను మెల్లగా తెస్తాయి. లావు తంతువులు స్పర్శ వార్తను వేగంగా తెస్తాయి. స్పర్శ సంకేతాలు ఎక్కువైతే ద్వారం కొంత మూసుకుంటుంది. మోకాలు గడపకు తగిలినప్పుడు చేతితో రుద్దుకుంటే హాయిగా ఉండటానికి కారణం ఇదే. మెదడు కూడ పైనుండి ఆజ్ఞలు పంపి ద్వారాన్ని మూయగలదు, తెరవగలదు. అనగా నొప్పి మ్రోగే గంట కాదు. విచారణ జరిపి ఇచ్చే తీర్పు. ఇంత క్లిష్ట విషయాన్ని ఇంత విశదంగా చెప్పినందుకు గ్రంథకర్తలు ప్రశంసనీయులు.

ఇక లోపాలు. మొదటిది కాలం తెచ్చినది. సన్నని తంతువులు ద్వారంలోని నిరోధక కణాలను అణచివేస్తాయని 1965 నాటి పటంలో చూపిన భాగం తరువాతి ప్రయోగాలలో అదే రూపంలో నిలువలేదు. అంతకంటె ముఖ్యమైనది 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ చేసిన ప్రయోగం. ఎలుక పాదంలో గాయంచేసి, తరువాత ఆ చోటును మందుతో మొద్దుబార్చినా, వెన్నుపాములోని ఉద్రేకం తగ్గలేదు. నొప్పి వార్తను విని విని వెన్నుపాము కణాలే మారిపోతాయన్నమాట; మెల్లగా చెప్పినా బిగ్గరగా వింటాయి. ద్వారం తెరుచుకొనడం ఒకటి, ద్వారబంధమే వంకరపోవడం మరొకటి. మానని నొప్పికి ఈ రెండవ మాట చాలవరకు సరిపోతుంది. నేటి పాఠకుడు దీనిని కలుపుకొని ఈ గ్రంథం చదవాలి.

రెండవ లోపం కాలానిది కాదు, గ్రంథకర్తల దృష్టిది. సంస్కృతి ప్రభావానికి ఉదాహరణగా వారు మన దేశపు సిడి ఆచారాన్ని చెప్పారు. విజయనగరం సిరిమానోత్సవంలో పూజారి మాను చివర ఆసనంపై కూర్చుంటాడు; వారు వర్ణించిన సిడిలో మాత్రం మనిషి వీపులో ఉక్కు కొక్కేలు గుచ్చి వ్రేలాడదీస్తారు. అతనికి నొప్పి ఉన్నట్లు కనబడదని వారి మాట. ఇది చదివిన పాఠకుడు "చూచావా, మనసు గట్టిదైతే నొప్పి లేదు" అనుకుంటే తప్పెవరిది? గ్రంథకర్తల అభిప్రాయం అది కాదు. కాని అలా అనుకోకుండా కట్టవలసినంత గట్టి గట్టు కట్టలేదు. సిడి ఎక్కినవానికి ఆ దినం పండుగ. ఊరంతా దండం పెడుతుంది. వేడుక ముగియగానే క్రిందికి దింపుతారు. కనబడని కొక్కెం ఏండ్ల తరబడి గుచ్చుకొనే ఉన్నవానికి మేళం లేదు, దండం లేదు, దింపేవారూ లేరు. నా స్కానింగు పటాన్ని వెలుగుకు పెట్టి చూచిన ఒక వైద్యుడు, "ఇందులో ఏమీ లేదు మాస్టారూ, ఆలోచించడం మానేయండి" అన్నారు. మనసును మెచ్చుకొనే ఉదాహరణే మరొకచోట మనసును నిందించే సాధనమవుతుంది.

ఈ గ్రంథంలో మనకు మిక్కిలి పనికివచ్చేది మాటలను గురించిన అధ్యాయం. 1975లో మెల్జాక్ నొప్పిని తెలిపే 78 ఆంగ్లపదాలను 20 వర్గాలుగా కూర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. దీనిని మక్కికిమక్కిగా అనువదిస్తే మనకు లాభం లేదు. మన పుండు సలుపుతుంది, తల పోటెత్తుతుంది, కీళ్ళు పీకుతాయి, నరం గుంజుతుంది, పన్ను జివ్వుమంటుంది, కడుపులో మెలిపెడుతుంది. ఏ అవ్వనడిగినా ఇంకొక పది చెబుతుంది. ఈ పదాలను ప్రాంతాలవారీగా సేకరించి, ఏ మాట ఏ వ్యాధిలో వస్తుందో వైద్యులు పరిశీలిస్తే అది మన భాషకు, వైద్యానికి కూడ మేలు. "నొప్పి ఉన్నదా, లేదా" అనే ప్రశ్నకంటె "సలుపా, మంటా, గుంజా" అనే ప్రశ్న రోగిని ఎక్కువ గౌరవిస్తుంది.

మందుల మాట. నాడి దెబ్బతిన్నందువల్ల వచ్చే నొప్పికి వాడే మందులపై 2015లో ఒక పెద్ద సమీక్ష వెలువడింది. ఉత్తుత్తి మాత్రతో పోల్చితే, అదనంగా ఒక్కరికి సగం నొప్పి తగ్గాలంటే ప్రెగాబాలిన్ మందును సుమారు ఎనిమిదిమందికి ఇవ్వాలి. ఎమిట్రిప్టిలిన్ జాతి మందులనైతే సుమారు నలుగురికి. సగం తగ్గడమే విజయం! కనుక మందు తిన్నా బాధ ఉన్నదంటే రోగి అబద్ధమాడుతున్నాడని కాదు. కొంచెం కొంచెంగా పనిచేసే పద్ధతులను కలిపి వాడాలని గ్రంథకర్తలు ఇచ్చిన సలహా నేటికీ చెల్లుతుంది. నాకు ఒక మాత్ర, ఉదయపు నడక, తరగతిలో ఒక ఎత్తుపీట, గంటకొకసారి విశ్రాంతి కలిసి నొప్పిని పోగొట్టలేదు; పాఠం చెప్పనిస్తున్నవి. అయితే కాలు పట్టుతప్పినా, మూత్రం అదుపు తప్పినా దానిని పాతనొప్పే అనుకోక వెంటనే వైద్యుని వద్దకు పోవాలి.

మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో ప్రత్యేకంగా చేర్చింది. తనకు నొప్పి ఉన్నదని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి పరిశోధన సంఘం 2020 నిర్వచనంలో వ్రాసింది. ఈ మార్పుకు దారితీసిన గ్రంథాలలో ఇది ఒకటి. లోపాలతో సహా ఇది తెలుగులోకి రావలసిన పుస్తకం.

నల్లబల్లమీద గంట బొమ్మను ఈ ఏడు కూడ గీశాను. గీసి, దానిమీద అడ్డంగా ఒక గీత గీసి, పాఠం అక్కడనుండి మొదలుపెట్టాను.