కాలిబాటల గణితం - ఒక పరిశీలన

పచ్చిక మీద పదిమంది నడిస్తే బాట పడుతుంది. అది ఏ ఆకారంలో పడుతుందో గణితంతో ముందుగా చెప్పవచ్చునా? 1997లో డిర్క్ హెల్బింగ్, యోఆఖిం కెల్ట్‌ష్, పీటర్ మోల్నార్ అనే శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ ప్రశ్నకు జవాబు చెప్పబూనినది.

వారి ఊహ సరళమైనది. నడిచే మనిషిని రెండు ఆకర్షణలు లాగుతూ ఉంటవి. ఒకటి చేరవలసిన చోటు. రెండవది ఇదివరకే నలిగిన దారిలోని సౌఖ్యం. ప్రతి అడుగు బాటను స్పష్టపరుస్తుంది. నడక తగ్గితే గడ్డి మరల మొలిచి దానిని చెరిపివేస్తుంది. ఈ నియమాలను కంప్యూటరుకు అందించగా, మొదట తిన్నగా ఉన్న దారులు క్రమంగా ఒకదానితో ఒకటి కలిసిపోయినవి. ఎవరికీ పెద్ద చుట్టు లేదు, బాటలూ ఎక్కువ లేవు. స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ ఆవరణలోని నిజమైన బాటలకు ఇట్టి పోలికే ఉన్నది. ఏ ఒక్కరూ సంకల్పించకుండానే ఒక క్రమం ఏర్పడుతుందని ఇంత స్వల్ప సామగ్రితో చూపడం ఈ రచనలోని గొప్పతనం.

ఐతే ఇది చదునైన పచ్చికకు చెప్పిన శాస్త్రం. కొండదారులు వంకరటింకరగా ఎందుకు పోతవో ఇది చెప్పదు. 2009లో గిల్క్స్, హేగ్ అనేవారు ఈ లోపాన్ని పూరించ యత్నించినారు. నిట్టవాలున సూటిగా ఎక్కరాదు, దిగరాదు అనే నియమాన్ని చేర్చినారు. అదొక్కటే చాలలేదు, చటుక్కున దిశ మారరాదన్న నియమం కూడా చేర్చినప్పుడే నిజమైన దారులను పోలిన వంకలు వచ్చినవి.

ఈ రెండు నియమాలూ పడిపోతామన్న మనిషి జంకును గూర్చినవే. నీటిని గూర్చినవి కావు. నలిగి గట్టిపడిన నేలలో వాననీరు త్వరగా ఇంకదు. వాలున అది బాట వెంటనే పారి గండి కొడుతుంది. అప్పుడు జనం అంచున నడుస్తారు, బాట వెడల్పవుతుంది. ఇంతవరకు రమ్మని పిలిచిన బాటే ఇప్పుడు పొమ్మంటుంది! పైగా కొట్టుకుపోయిన మన్ను గడ్డివలె తిరిగి మొలవదు. అందుచేతనే కొండదారులు వేసేవారు, బాట వాలు కొండవాలులో సగానికి మించరాదని నియమం పెట్టుకొన్నారు.

కనుక ఆవరణలో బాటలు వేయదలచినవారికి 1997 నాటి వ్యాసం మంచి మార్గదర్శి. కొండమీద అదొక్కటే చాలదు. ఉపాధ్యాయులు దీనిని పాఠంగా చెప్పేటప్పుడు, బడి ఆవరణలోని బాట వెడల్పును వానకాలానికి ముందు, తరువాత విద్యార్థులచేత కొలిపించవలెను. గణితం ఎంతవరకు నిలుస్తుందో ఆ కొలతలే తెలుపగలవు.