ఎక్కడ నిలబడి నవ్వుతున్నాం? - 'ది సింప్సన్స్'లో ఆధునికానంతర లక్షణాలు: ఒక వేదాంత పరిశీలన

వేదాంత కళాశాలల్లో ఆధునికానంతరవాదం గురించిన పాఠం సాధారణంగా లియోటార్ 1979లో వెలువరించిన గ్రంథంతో మొదలై, మహాకథనాలపై అపనమ్మకం అనే నిర్వచనంతో ముగుస్తుంది. విద్యార్థి ఆ నిర్వచనం కంఠస్థం చేసి పరీక్ష రాస్తాడు. కాని ఆ అపనమ్మకం సామాన్యుల ఇళ్లలోకి ప్రవేశించింది తత్వగ్రంథాల ద్వారా కాదు, టెలివిజన్ ద్వారా. అందులోను నవ్వు ద్వారా. ఈ దృష్టితో మొదట పరిశీలించదగినది అమెరికన్ యానిమేషన్ హాస్య ధారావాహిక 'ది సింప్సన్స్'. మాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ కుటుంబం 1987లో మరొక కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న తునకలుగా కనిపించి, 1989 డిసెంబరు 17న ఫాక్స్ ఛానెల్‌లో అరగంట కార్యక్రమంగా మొదలైంది. 750కి పైగా భాగాలు దాటి ఇంకా సాగుతోంది.

ఇందులోని ఆధునికానంతర లక్షణాలను గుర్తించడం కష్టం కాదు. బొమ్మల కార్యక్రమంలోని పిల్లలు 'ఇచీ అండ్ స్క్రాచీ' అనే మరొక బొమ్మల కార్యక్రమం చూసి నవ్వుతారు. తనను ప్రసారం చేసే ఛానెల్‌నే అది ఎగతాళి చేస్తుంది. ఈ వారం కాలిపోయిన ఇల్లు పై వారానికి యథాప్రకారం నిలిచి ఉంటుంది. ఆ ఊరి సంఘం పేరులో ప్రెస్బిటేరియన్, లూథరన్ పదాలను కలిపి అతికించారు. ఫ్రెడ్రిక్ జేమ్సన్ పాస్టీష్ అన్నది ఇలాంటిదే: అనుకరణ ఉంటుంది, దాని వెనుక నమ్మకం ఉండదు. (1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించడానికి 28 ఏళ్లు పట్టింది. అయినా లూథరన్లు వేరుగానే ఉండిపోయారు. కార్టూన్‌లో ఆ పని ఒక్క మాటతో అయిపోయింది!)

భక్తిని హేళన చేస్తుంది కాబట్టి ఇది విసర్జనీయమనడం తేలిక. కాని హేళన బైబిలుకు కొత్త కాదు. కర్మెలు పర్వతం మీద ఏలీయా బయలు ప్రవక్తలను ఎగతాళి చేశాడు (1 రాజులు 18:27). అయితే అతడు యెహోవా బలిపీఠాన్ని బాగుచేయడానికి వచ్చినవాడు. అతని నవ్వు ఎక్కడ నిలబడి ఉన్నదో అందరికీ తెలుసు. ఆధునికానంతర హాస్యం తాను ఎక్కడా నిలబడకుండానే అందరినీ సమానంగా నవ్వగలనంటుంది. నా అభ్యంతరం ఈ మాట మీదనే.

1992లో ప్రసారమైన 'హోమర్ ది హెరెటిక్' చూడండి. చలిగా ఉన్న ఒక ఆదివారం హోమర్ ఆరాధన మానేసి ఇంట్లో హాయిగా గడుపుతాడు. కలలో దేవుడు కనిపిస్తాడు. పాస్టర్ లవ్‌జాయ్ మీద ఆయనకూ అసంతృప్తే. హోమర్ సొంత మతం పెట్టుకుంటాడు. చివరకు అతని సిగార్ నిప్పుతో ఇల్లు అంటుకుంటే, పొరుగింటి భక్తుడు నెడ్ ఫ్లాండర్స్ అతణ్ణి బయటికి లాగుతాడు. మంటలార్పేందుకు వచ్చినవారిలో యూదుడు క్రస్టీ, హిందువు అపు ఉంటారు. దేవుడు ఈ మిత్రుల హృదయాల్లో పనిచేశాడంటూ లవ్‌జాయ్ క్రైస్తవుణ్ణి, యూదుణ్ణి పేరుపెట్టి చెప్పి, అపు దగ్గరకు వచ్చేసరికి 'ఇతరములు' అన్నట్టు తేల్చేస్తాడు. మేము 70 కోట్ల మందిమని అపు గుర్తుచేస్తే, చిన్నపిల్లవాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకుని ఊరుకుంటాడు. ఇది పదునైన వ్యంగ్యం. మన ప్రసంగాల్లో 'అన్యులు' అనే ఒక్క మాట ఎంతమంది పొరుగువారిని మింగేస్తున్నదో ఆలోచించాలి.

కాని ఆ అపుకు గొంతునిచ్చినది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. ఆ యాస ఎగతాళిగా ఎలా మారిందో తెలుగు కుటుంబంలో పుట్టిన అమెరికన్ హాస్యకారుడు హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీలో చూపాడు. 2018 ఏప్రిల్‌లో ధారావాహిక ఇచ్చిన జవాబు గమనించదగినది. లీసా ప్రేక్షకులవైపు తిరిగి, ఒకప్పుడు మెచ్చుకున్నదే ఇప్పుడు తప్పయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కన అపు చిత్రం ఉంటుంది. తెర దాటి ప్రేక్షకుడితో మాట్లాడటమనే ఆధునికానంతర పద్ధతి ఇక్కడ జవాబుదారీ తప్పించుకోవడానికి ఉపయోగపడింది. ఇక ఆ గొంతు ఇవ్వనని అజారియా 2020లో ప్రకటించాడు. అందరినీ సమానంగా నవ్వానన్న నవ్వుకు కూడా ఒక చిరునామా ఉందన్నమాట.

ఈ ధారావాహిక విశ్వాసానికి శత్రువు కాదని మార్క్ పిన్‌స్కీ 2001లో ఒక గ్రంథమే రాశాడు. అంతవరకు అంగీకరించవచ్చు. అయితే మిత్రుడా శత్రువా అన్న ప్రశ్న కన్నా లోతుకు పోయేది 1995 నాటి 'బార్ట్ సెల్స్ హిజ్ సోల్'. ఆత్మ లేదనే బార్ట్, కాగితం మీద 'ఆత్మ' అని రాసి మిల్‌హౌస్‌కు 5 డాలర్లకు అమ్ముతాడు. తరువాత దుకాణం తలుపు అతనికి తెరుచుకోదు. అద్దం మీద ఊదితే ఆవిరి పట్టదు. 'ఇచీ అండ్ స్క్రాచీ' చూసినా నవ్వు రాదు. దేన్నైనా నవ్వగలిగిన ధారావాహిక, ఆత్మ పోతే ముందు పోయేది నవ్వేనని చెప్పడం విశేషం. చివరకు బార్ట్ మోకరించి ప్రార్థిస్తాడు. లీసా తన సొంత డబ్బుతో ఆ కాగితం కొనితెచ్చి ఇస్తుంది.

ఇక్కడ విమోచన క్రయధనం కనబడిందని, మార్కు 8:36 జోడించి ప్రసంగం సిద్ధం చేసుకోవాలనిపిస్తుంది. తొందరపడకూడదు. ఆత్మ పుట్టుకతో రాదనీ, శ్రమతో సంపాదించుకోవలసినదనీ కొందరు తాత్వికులు అంటారని లీసా అక్కడే చెబుతుంది. అది కృపకు ఎదురు మాట. పైగా బార్ట్ ఆ మాట వినడు. కాగితం నమిలి మింగుతుంటాడు. రచయితలు సువార్తకు ఎంత దగ్గరగా వచ్చారో, అక్కడినుంచి ఎలా పక్కకు జరిగారో రెండూ చెప్పకపోతే మనది వ్యాఖ్యానం కాదు.

ఇక లవ్‌జాయ్. 1997 నాటి 'ఇన్ మార్జ్ వుయ్ ట్రస్ట్'లో అతని గతం తెలుస్తుంది. 1970లలో ఉత్సాహంగా వచ్చిన ఆ యువ పాస్టరును నాస్తికులు ఓడించలేదు. చీటికీమాటికీ ఫోన్ చేసి చాదస్తపు సందేహాలడిగే ఫ్లాండర్స్ అలసిపోయేలా చేశాడు. అతను బొమ్మ రైళ్లలో సేదదీరడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో జనం గోడు వినే పని మార్జ్ చేతికి పోయింది. మహాకథనం మీద అపనమ్మకం అనే మాటతో మన సంఘాల్లోని ఖాళీ బెంచీలను వివరించేముందు ఈ భాగం చూడటం మంచిది. ముగింపులో జంతుప్రదర్శనశాలలో బబూన్ కోతుల మధ్య చిక్కుకున్న అదే ఫ్లాండర్స్‌ను లవ్‌జాయ్ ప్రాణాలకు తెగించి కాపాడతాడు. తరువాతి ఆదివారం పులిపిటం మీద అతను ఆ సంగతే చెబుతాడు. విషయం కోతులే, అయినా ఎవరూ కునుకు తీయరు.