మెరక చూసే కన్ను

గోదావరి డెల్టాలో దమ్ము చేసిన మడి మన కంటికి అద్దంలా చదునుగానే కనిపిస్తుంది. మా ఊళ్లో పార పట్టే పెద్దాయన మాత్రం గట్టు మీద నిలబడి, పలచగా పరుచుకున్న నీళ్లకేసి చూసి, “ఆ మూల ఇంకా మెరకగా ఉంది బాబూ” అంటాడు. నిజమే, అక్కడ బురద నీటిపైకి రవ్వంత తేలి ఉంటుంది. దిగి, నాలుగు పారల మట్టి పల్లంలోకి లాగి, మడమతో అదిమి, మళ్లీ చూస్తాడు. ఆ కాస్తా వదిలేస్తే మెరకను కలుపు కమ్మేస్తుంది, పల్లంలో లేత నాటు మునిగి కుళ్లిపోతుంది.

ఈ నేల ఏరు పరిచింది. వరద పొంగినప్పుడు బరువైన ఇసుక ఒడ్డునే ఆగిపోతుంది, సన్నటి ఒండ్రు దూరం వెళ్లి దిగుతుంది. అందుకే ఏటి వార మెరక. దూరం వెళ్లేకొద్దీ పల్లం, జిగట నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సాగునీటి కాలువలు ఆ మెరక పట్టుకునే, మురుగు కాలువలు పల్లం పట్టుకునే సాగాయి. ఎంత గొప్ప కాలువైనా తూము దాకానే. అక్కణ్ణుంచి మొక్క మొదలు దాకా నీటిని నడిపేది ఈ పారే.

నేల చదును చేసే లేజర్ యంత్రాలు వచ్చాయి, మంచిదే. చిన్న మడుల మూలల్లో, గట్ల వారన ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. ఆయన దిగిన మడిలో వెన్నులన్నీ ఒక్కసారే వంగుతాయి.