రేరా కాపలా ప్రకటన దగ్గరే మొదలవుతుంది

శంషాబాద్ అవతల వెంచర్ అయినా, కొల్లూరు వైపు అపార్ట్‌మెంట్ అయినా ఇవాళ బేరం మొదలయ్యేది ఫోన్‌లో కనపడే ప్రకటనతోనే. 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ చట్టం, అదే మనమంతా రేరా అనేది, పట్టు బిగించింది కూడా అక్కడే. అందులోని 2, 3, 11, 12 సెక్షన్లను పక్కపక్కన పెట్టుకుని చదివితే రాసినవాళ్ల నేర్పు తెలుస్తుంది.

మూడో సెక్షన్ చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రమోటర్ తన ప్రాజెక్టును ప్రకటించకూడదు, మార్కెట్ చేయకూడదు, బుక్ చేయకూడదు, అమ్మకూడదు, అమ్ముతామని చెప్పకూడదు, కొనడానికి రమ్మని ఏ విధంగానూ పిలవకూడదు. ఈ వరుసలో అమ్మడం నాలుగోది, ప్రకటించడం మొదటిది. డబ్బు చేతులు మారాక కొన్నవాడు పడే అగచాట్లు బాగా తెలిసినవాళ్లే వాక్యాన్ని ఇలా ఎత్తుకోగలరు. అనుమతులు రాకముందే తక్కువ ధరకు ఇస్తామంటూ డబ్బు వసూలు చేసే ‘ప్రీ లాంచ్’కు ఇందులో ఎక్కడా సందు లేదు. “ఇంకా అమ్మట్లేదండీ, ఆసక్తి ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటున్నాం” అని ఎవరైనా తప్పించుకోబోతే చివరి మాట పట్టుకుంటుంది.

ఇంతకీ ప్రకటన అంటే ఏమిటి? రెండో సెక్షన్ ఏ పత్రిక పేరూ, ఏ యంత్రం పేరూ ఎత్తదు. ఏ మాధ్యమం ద్వారా వచ్చినా, ఏ రూపంలో ప్రచారం చేసినా ప్రకటనే అంటుంది. అందుకే వెబ్‌సైట్‌లో పెట్టిన లిస్టింగూ, రీలూ, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పోస్టరూ అన్నీ దీని కిందికే వస్తాయి. రేపు మరో కొత్త యాప్ వచ్చినా చట్టం తిరగరాయనక్కర్లేదు.

ప్రకటనలో ఉండాలని పదకొండో సెక్షన్ ముఖ్యంగా కోరేవి రెండు: రిజిస్ట్రేషన్ నంబరు, రేరా వెబ్‌సైట్ చిరునామా. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు ‘పీ’ అక్షరంతో, ఏజెంట్ నంబరు ‘ఏ’ అక్షరంతో మొదలవుతాయి. ప్రాజెక్టు నంబరును వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ప్రమోటర్ ఎవరో, మంజూరైన ప్లాన్ ఏమిటో, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో తెలుస్తుంది. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో కూడా ప్రమోటర్ మూడు నెలలకోసారి అక్కడ చెప్పాలి. దశలవారీగా కట్టే ప్రాజెక్టులో ప్రతి దశకూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. కాబట్టి మొదటి దశ నంబరు చూపించి రెండో దశ ఫ్లాట్లు అమ్మడం కుదరదు. నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఇది.

పన్నెండో సెక్షన్ ప్రకటనను మాటల స్థాయి నుంచి పూచీ స్థాయికి తెచ్చింది. ప్రకటననే కాదు, మోడల్ ఫ్లాటును నమ్మి అడ్వాన్స్ ఇచ్చినా, చూపించినది అబద్ధమై నష్టపోతే పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే మొత్తం డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి.

లోటు లేకపోలేదు. నంబరు వేయాలన్న చట్టం అక్షరాల సైజు చెప్పలేదు. దాంతో చాలా ప్రకటనల్లో అది అడుగున చీమల బారులా ఉంటుంది. మహారాష్ట్ర రేరా 2023 ఆగస్టు 1 నుంచి ప్రకటనల్లో క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసి ఈ లోటును చాలావరకు పూడ్చింది. ఇక 500 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 600 గజాల లోపు స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సొంత ఫ్లాటును తిరిగి అమ్ముకునే యజమానికీ అంతే.

రిజిస్టర్ చేయకపోతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా ఉంటుంది. అయితే ఆ జరిమానా పడేలోపే మీ అడ్వాన్స్ చేజారిపోవచ్చు. అందుకే ధర అడగడానికి ముందు నంబరు అడగండి. ఇచ్చిన నంబరును మీరే వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోండి. “నంబరు వస్తోంది, ప్రాసెస్‌లో ఉంది” అంటే, వచ్చేదాకా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.